మూడు నెలల పనికి నాలుగు రౌండ్లా?

గత శనివారం సాయంత్రం అనంతపురంలో, మా చిన్నాన్న ఇంటి మిద్దె మీద జరిగిన వాదన ఇది. చిన్నాన్న కొడుకు పదకొండేళ్ళుగా డేటాబేస్ పని చేస్తున్నాడు; నాలుగేళ్ళుగా ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీలకు కాంట్రాక్టు మీద పని చేసి పెడుతున్నాడు. వాడి అక్క భర్త బెంగళూరులో మేనేజరు. కాంట్రాక్టు వాళ్ళను ఎంపిక చేసే ప్యానెల్‌లో కూర్చునే మనిషి. ముందు వారమే తమ్ముడికి ఒక పని చేజారింది. బిల్లింగ్ డేటాబేస్‌ను ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నుంచి పోస్ట్‌గ్రెస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కు మార్చే మూడు నెలల కాంట్రాక్టు అది. మూడు రౌండ్లు దాటి, నాలుగో రౌండులో బైనరీ ట్రీని, అంటే ప్రతి కొమ్మా రెండుగా చీలే చెట్టులా డేటాను పేర్చిన అమరికను, కుడి ఎడమలు తారుమారు చేసి తిరగేసే ప్రోగ్రామును ఇరవై నిమిషాల్లో రాయలేకపోయాడు. ఇద్దరి మాటలనూ రాతభాషలోకి సర్ది ఇక్కడ పెడుతున్నాను.

తమ్ముడు: బావా, ప్రశ్న కష్టంగా ఉందని నేను అనడం లేదు. వాళ్ళు నన్ను పిలిచిందే తమ దగ్గర పోస్ట్‌గ్రెస్ తెలిసినవాళ్ళు లేక. లేనందువల్లే ఇంటర్వ్యూ చేసిన ఆ ముగ్గురిలో ఒక్కరికీ నా పని గురించి ఏమి అడగాలో తోచలేదు. తోచక, కాలేజీ నుంచి బయటికి వస్తూ తాము బట్టీ పట్టిన ప్రశ్ననే నా ముందు పెట్టారు. తమకు రాని విద్య కోసం మనిషిని పిలిపించుకుని, తమకు వచ్చిన విద్యలో పరీక్ష పెట్టడం ఎక్కడి న్యాయం?

బావ: న్యాయం సంగతి తరువాత చూద్దాం. ఆ కుర్చీలో కూర్చున్నవాడి భయం నీకు తెలియదు. పోయిన ఏడాది మా దగ్గర వీడియో కాల్‌లో గడగడా జవాబులు చెప్పింది ఒకరు, పనిలో చేరింది మరొకరు. పెదవులు కదిపినవాడు ఒకడైతే గొంతు ఇంకొకడిదని మాకు రెండో వారానికి గాని అర్థం కాలేదు. ఇది మా ఒక్కరి గోడు కూడా కాదు. ఇంటి నుంచి చేసే ఉద్యోగాల ఇంటర్వ్యూలకు, దొంగిలించిన వివరాలతోనూ డీప్‌ఫేక్ వీడియోలతోనూ, అంటే కంప్యూటరుతో ముఖం మార్చిన నకిలీ వీడియోలతోనూ, వస్తున్నారని 2022 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బహిరంగంగానే హెచ్చరించింది. అలాంటప్పుడు నాలుగు జల్లెళ్ళు పెట్టుకోవడం తప్పా?

తమ్ముడు: ఆ జల్లెడలో నిలిచింది ఎవరు బావా? పక్కన కూర్చుని గుసగుసగా జవాబు అందించేవాడికి అన్నిటికంటే బాగా వచ్చేది ఆ బైనరీ ట్రీయే. 2020లో నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 48 మందితో చేసి చూశారు: కొందరిని ఎదుట మనిషి చూస్తుండగా బోర్డు మీద రాయమన్నారు, కొందరిని గదిలో ఒంటరిగా వదిలారు. చూస్తుండగా రాసినవాళ్ళ పనితనం సగానికి పైగా పడిపోయింది. అక్కడ కొలిచింది విద్యను కాదు, బెరుకును.

బావ: చదువుకున్న లెక్కలు నా దగ్గరా ఉన్నాయి. మనిషిని ఎంచుకునే పద్ధతుల్లో ఏది ఎంతవరకు నిజం చెబుతుందని 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు లెక్క కట్టినప్పుడు, పూర్తిగా నిజం చెబితే 1 అనే కొలతలో, పని చేయించి చూసే పరీక్షకు 0.54 వచ్చి అది పై వరుసలో నిలిచింది. 2022లో సాకెట్ బృందం ఆ లెక్కను సరిచేస్తే అది 0.33కు దిగింది, ప్రశ్నలు ముందుగా రాసుకుని, అందరినీ అవే అడిగి, ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ 0.42తో ముందుకు వచ్చింది. పనిచేసిన ఏళ్ళ సంఖ్య మాత్రం రెండు లెక్కల్లోనూ అడుగు వరుసలోనే ఉంది. నీ పదకొండేళ్ళను నేను ఏ తక్కెడలో వేయాలి?

తమ్ముడు: అందరినీ అదే ప్రశ్న అడగమన్నారు సరే, పనితో సంబంధం లేని ప్రశ్న అడగమన్నారా? మన తోటలో బోరు వేయించిన నాటి సంగతి మీకు గుర్తుందో లేదో. నాన్న మాట మీద ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా నడిచాడు. కాయ లేచి నిలబడిన చోట పాయింటు పెట్టాడు. ఆరు వందల అడుగులు దింపితే దుమ్ము తప్ప చుక్క నీరు పడలేదు. మీ నాలుగో రౌండు ఆ కొబ్బరికాయ లాంటిది.

బావ: కొబ్బరికాయ మాట ఒప్పుకుంటాను. మరి అడుగుకు ఇంతని డబ్బు తీసుకుపోయిన ఆ బోరుబండిని మామ ఎలా ఎంచుకున్నారు? ఇంటర్వ్యూ చేయలేదు. పక్క తోటలో ఎవరు వేశారో, పైపు వంకర పోకుండా దింపారో లేదో కనుక్కుని పిలిపించారు. నీకూ నాకూ మధ్య, మనుషులను కుదిర్చిపెట్టే వెండర్లు ఇద్దరు ఉన్నారు. నీ రెజ్యూమె నా దగ్గరికి వచ్చేసరికి అందులో నీ ఫోన్ నంబరు కూడా ఉండదు. పాత క్లయింటు పని గురించి బయట చెప్పనని నువ్వే సంతకం పెట్టి ఉంటావు. ఇక పక్క తోట ఎవరిదని నేను వెళ్ళి అడగాలి?

(ఇక్కడ తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం బావ అన్నవాటిలో బలమైన మాట ఇదేనని నాకు అనిపించింది. ఇంతలో అక్క బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తెచ్చిపెట్టింది. బజ్జీలు కట్టిన కాగితాన్ని చదును చేసి, వాడు దాని అంచున ఒక తేదీ రాశాడు.)

తమ్ముడు: ఫిబ్రవరి 28, లీపు సంవత్సరం కాదు. ఈ తేదీకి ఒక నెల కలిపితే ఎంత వస్తుంది?

బావ: మార్చి 28. ఇందులో ఏముంది?

తమ్ముడు: పోస్ట్‌గ్రెస్ కూడా మీలాగే చెబుతుంది. ఒరాకిల్‌లో యాడ్ మంత్స్ అనే ఫంక్షన్ మాత్రం మార్చి 31 అంటుంది. ఇచ్చిన తేదీ నెలకు ఆఖరి రోజైతే, వచ్చే తేదీ కూడా ఆఖరి రోజే కావాలని దాని నియమం. ఆ ఫంక్షన్‌నే నమ్ముకుని ఏళ్ళ తరబడి నడిచిన బిల్లింగ్‌ను చూసుకోకుండా మార్చేస్తే, కొందరి గడువు మూడు రోజులు ముందుకు వచ్చేస్తుంది, వాళ్ళకు ఆలస్య రుసుము పడుతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాము ఆగదు, ఖాతాదారు ఫోన్ చేసి తిట్టేదాకా ఎవరికీ తెలియదు. నన్ను అడగవలసింది ఇది. దీన్ని అడిగినవాళ్ళు లేరు.

బావ: మంచి ప్రశ్నే. కాని సోమవారం నేను దీన్ని అడిగితే మంగళవారానికల్లా మీ వెండరు దగ్గరున్న ప్రతివాడికీ జవాబు వచ్చేస్తుంది. ఇంటర్వ్యూ ముగిసిన అరగంటకే ఏమేమి అడిగారని ఫోన్ చేసి రాసుకునేది వాళ్ళే కదా?

తమ్ముడు: అయితే ఐదు రోజులకు కూలి ఇచ్చి, పది టేబుళ్ళు మార్చి చూపించమనండి. నేను పనికిరాకపోతే పంపేయడానికి మీకు రెండు వారాల నోటీసు చాలు. సొంత ఉద్యోగిని తీసుకునేటప్పుడు చూపే జాగ్రత్తనంతా మూడు నెలల మనిషి మీద చూపి, ఆ నాలుగు రౌండ్లకే ఐదు వారాలు పోగొట్టారు.

బావ: ఐదు రోజుల పనికి పర్చేజ్ ఆర్డరు ఎవరు ఇస్తారు నాయనా? లాప్‌టాప్, యాక్సెస్ చేతికి రావడానికే మా దగ్గర పది రోజులు పడుతుంది. అది జరిగే పని కాదు. నేను చేయగలిగింది ఒకటుంది. నాలుగో రౌండు తీసేసి, ఉత్తుత్తి డేటాతో ఒక చెడిన డేటాబేస్ తయారు చేసి పెడతాను. వచ్చిన మనిషి గంటసేపు మాతో కూర్చుని దాన్ని బాగుచేస్తూ, ఏది ఎందుకు చేస్తున్నాడో చెప్పాలి. జవాబు అందించడం సులభం గాని, మధ్యమధ్యలో ఎందుకని అడుగుతుంటే గంటసేపు అందిస్తూ ఉండటం కష్టం.

తమ్ముడు: ఆ గంటలో అతను చెప్పేది తప్పో ఒప్పో తేల్చేది ఎవరు? మీ ప్యానెల్‌లో ఆ విద్య తెలిసినవాళ్ళు లేరనే కదా మన గొడవంతా.

బావ: అది తెలిసినవాడిని ఒకడిని బయటి నుంచి, గంటకు ఇంతని ఇచ్చి పిలిపిస్తాను.

తమ్ముడు: అతన్ని ఎలా ఎంచుకుంటారు?

(బావ నవ్వి, ఆ నూనె కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.)

బావ: నిన్నే పిలుస్తాను, ఇంటర్వ్యూ లేకుండా.

తమ్ముడు: బావమరిదిని పిలిచారంటే మీ హెచ్చార్ వాళ్ళు ఒప్పుకుంటారా?

బావ: ఒప్పుకోరు.