కుడిపాదం నిర్దోషి

పాడిగేదెను కొనేవాడు "పూటకి ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడుగుతాడు. బండి కొనేవాడూ అంతే, "లీటరుకి ఎంతిస్తుంది?" అంటాడు. గేదె దగ్గర కొంత న్యాయం ఉంది. ఇచ్చేది గేదె, పితుక్కునేది మనిషి. బండి దగ్గర పోసేది మనమే, తగలేసేదీ మనమే, ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం బండిది. యూరప్‌లో చాలా దేశాల వాళ్లు ఇలా అడగరు. 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగుతుందని లెక్కేస్తారు. అంటే అక్కడ బండి దాత కాదు, తాగుబోతు. నాకు మొదటి పద్ధతే నచ్చుతుంది. తాగుబోతు అనగానే పక్కన కూర్చుని పోసిందెవరన్న ప్రశ్న వస్తుంది.

ఆ ప్రశ్న ఎటూ వచ్చేసింది. మైలేజీ పడిపోవడానికి పెద్ద కారణం డ్రైవరు కుడిపాదమేనని ఇంజనీర్లు ఎప్పట్నుంచో ప్రచారం చేస్తున్నారు. (బైకుల వాళ్ల విషయంలో ఈ నింద కుడి మణికట్టు మీద పడుతుంది. వాళ్లు వేరే లాయర్ని చూసుకోవాలి.) పాపం, రోజంతా బూటులో మగ్గే నోరులేని అవయవం. దాని తరఫున వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

మొదటి ముద్దాయి బండి తయారుచేసినవాడు. నా కారుకి కాగితం మీద 20, రోడ్డు మీద 14. ఈ కాగితం మీద అంకెలు ఎలా పుడతాయో విచారించాను. బండిని గదిలో రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం చక్రాలు తిప్పిస్తారట. యూరప్‌లో 2017లో కొత్త పరీక్ష వచ్చేదాకా నడిచిన పాత పరీక్ష మొత్తం 20 నిమిషాలు, 11 కిలోమీటర్లు. అందులో ఒకచోట సున్నా నుంచి 50 వేగానికి చేరడానికి 26 సెకన్లు తీసుకునేవారు.

26 సెకన్లు! ఆ వ్యవధిలో నా పాదం బండిని 50 దాటించి, ఇద్దరిని ఓవర్‌టేక్ చేసి, తర్వాతి ఎర్రలైటు దగ్గర అందరికన్నా ముందు నిలబెట్టి, పైగా వేళ్లు విరుచుకునేంత తీరిక సంపాదిస్తుంది. ఇంత సమర్థుణ్ణి పట్టుకుని నేరస్థుడంటారా?

అంటారు. వాళ్ల వాదన ఇదీ: పెట్రోలు మండించి వేగం కొన్నావు. ఎర్రలైటు దగ్గర బ్రేకు తొక్కి ఆ వేగమంతా వేడిగా మార్చి గాల్లో కలిపేశావు. వేగం రెట్టింపయితే ఇలా పారబోసేది నాలుగు రెట్లవుతుంది. దూరం నుంచి ఎర్రలైటు కనబడగానే కాలు తీసేసి ఉంటే, బండి తన ఊపు మీద తనే అక్కడిదాకా వెళ్లేది కదా. వెళ్లేది, కాదనను. కానీ నేను ముందే కాలు తీస్తే వెనకవాడు నన్ను దాటుకెళ్లి, నాకంటే ముందు ఆ ఎర్రలైటు దగ్గర ఆగుతాడు. ఆ అవమానాన్ని ఏ లీటర్లతో కొలుస్తారు?

అయినా లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది దాదాపు నాలుగో వంతు. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఇంజను దగ్గరే వేడిగా పోతుంది. మూడొంతులు మింగినవాణ్ణి బానెట్ కింద చల్లగా కూర్చోబెట్టి, మిగిలిన ముక్క ఖర్చుపెట్టినవాణ్ణి బోనెక్కించడం ఏం న్యాయం?

ఇక హైవే అభియోగం. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుందట. 80లో వెళ్లేవాడు 120కి పెంచితే గాలి రెండుంబావు రెట్లు బలంగా నెడుతుంది. చాలా కార్లు పొదుపుగా నడిచేది 50కీ 80కీ మధ్యనట. నిజమే కావచ్చు. కానీ 100 కిలోమీటర్ల దూరాన్ని 100లో వెళితే గంట, 120లో వెళితే 50 నిమిషాలు. నిక్కచ్చిగా 10 నిమిషాలు మిగిల్చిన పాదం అది. ఆ 10 నిమిషాలూ నేను బంకు దగ్గర క్యూలో గడిపానన్నది వేరే విషయం. పెట్రోలులో ఏదో కలుపుతున్నారని అక్కడ పోసే కుర్రాడితో గొడవ కూడా పెట్టుకున్నాను.

నా క్లయింటు పొదుపరి కాదనుకునేరు. దిగుడు రోడ్డు వస్తే చాలు, గేరు తీసి న్యూట్రల్‌లో జారనిస్తాను. కార్బురేటర్ల కాలంలో మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్య. ఇప్పటి ఇంజన్లు వేరు, గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా కట్టేస్తాయి, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఎంతోకొంత తాగుతూనే ఉండాలి, పైగా ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది అని మెకానిక్ చెప్పాడు. అతను చెప్పింది శ్రద్ధగా విన్నాను. వింటున్నంతసేపూ ఏసీ కోసం ఇంజను ఆన్‌లోనే ఉంది. 10 సెకన్లకి మించి ఆగేటట్టయితే ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే లాభమని కూడా అన్నాడు. ఏసీ చప్పుడులో సరిగ్గా వినపడలేదు.

ఇంకా ఏం చేయమంటారు? అయస్కాంతం కొన్నాను. పెట్రోలు పైపుకి తగిలిస్తే లోపలి అణువులు బారులు తీరి, క్రమశిక్షణతో మండుతాయన్నారు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలా మైలేజీ పెంచుతామనే సరుకుల్ని 100కి పైగా పరీక్షించి, చాలావాటిలో ఏమీ లేదని తేల్చిందని తర్వాత తెలిసింది. అయస్కాంతాన్ని ఫ్రిజ్ తలుపుకి మార్చాను. ఫ్రిజ్ మైలేజీ ఇంకా కొలవలేదు. టైర్లలో గాలి వారం వారం చూస్తాను. నాలుగు టైర్లలోనూ 5 పాయింట్లు తగ్గితే మైలేజీ సుమారు 1 శాతం పడుతుంది కాబట్టి ఆ 1 శాతం కోసం పొద్దున్నే లేస్తాను. డిక్కీలోంచి గొడుగు తీసేశాను. 45 కిలోలు తగ్గితే మరో 1 శాతం వస్తుందట, గొడుగుతో ఆరంభించాను. టాపు మీది లగేజీ పెట్టె మాత్రం ఉంచాను. హైవే మీద అది 6 నుంచి 17 శాతం దాకా మింగుతుందంటారు గానీ, ఖాళీ పెట్టే కదా, బరువెంతని.

ఇవన్నీ పక్కన పడేసి, దూకుడుగా తొక్కి బ్రేకులు వేస్తూ నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుందని అమెరికా ప్రభుత్వ లెక్క ఒకటి నా ముందు పెట్టారు. నేను అభ్యంతరం చెప్పాను. 1 శాతం దొంగల్ని పట్టుకోవడానికి ఇంత శ్రమపడ్డవాణ్ణి 40 శాతం దొంగ ఇంట్లోనే ఉన్నాడంటే నమ్మమంటారా?

అసలు మైలేజీయే జీవితమైతే ఎలా ఉంటుందో కూడా చూశాను. 2005లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విద్యార్థులు చేసిన పాక్-కార్ 2 అనే హైడ్రోజన్ బండి, పెట్రోలు లెక్కలో చెబితే లీటరుకి 5,385 కిలోమీటర్లు నడిచింది. కన్నీటిచుక్కను అడ్డంగా పడుకోబెట్టిన ఆకారం. ఒక్కరే పట్టాలి, అదీ పడుకుని. వేగం ఇంచుమించు సైకిలుది. దాన్ని నాకిచ్చినా హారన్ ఎక్కడుందని అడుగుతాను.

కేసు మూసేద్దామనుకుంటుండగా ప్రాసిక్యూషన్ నా మైలేజీ నోట్‌బుక్‌నే తెచ్చి పెట్టింది. ట్యాంకు నిండా పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు, టైర్ల గాలి, ఏసీ, ఏ బంకు, అన్నీ రాసుకుంటాను. ఎవరు నడిపారన్న గడి అందులో లేదు, అవసరం రాలేదు. పోయిన నెల మెట్ల మీద జారి కుడిపాదం బెణికింది. మూడు వారాలు కట్టుతో సోఫా మీదే ఉన్నాను. కారు మా ఆవిడ నడిపింది. అదే బండి, అదే దారి, అదే బంకు, టాపు మీద అదే పెట్టె. లీటరుకి 17.

"పాదం ఎలా ఉందండీ?" అని ఆవిడ చాలా మామూలుగా అడిగింది.

ఆ మూడు వారాలూ గాలి మనకి అనుకూలంగా వీచిందని చెప్పాను. పోవడానికీ రావడానికీ కూడానా, అంది. నేను జవాబివ్వకుండా నోట్‌బుక్ తీసి, స్కేలు పెట్టి కొత్త గడి ఒకటి గీసి, దాని పైన "గాలి" అని రాశాను.