'రేపు రాగలరు' కాగితం గారికి

గౌరవనీయులైన కాగితం గారికి,

మా మండలం పశువుల దవాఖాన తలుపు మీద నాలుగు మూలలా అన్నం మెతుకులతో అంటుకుని ఉన్న తమకు నమస్కారం. ఊరి పేరు రాయడం లేదు. చదివేవాళ్ళు ఎవరి తలుపును వాళ్ళు తలుచుకుంటే సరిపోతుంది.

మొన్న సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా తమరి ఎదురుగా యాపచెట్టు కింద కూర్చున్నది నేనే. డిగ్రీ పరీక్షలప్పుడు కూడా ఏ కాగితాన్నీ అంతసేపు చదవలేదు, అందుకే తమరు నాకు కంఠతా వచ్చేశారు. నీలం బాల్ పెన్ను. "డాక్టర్ గారు క్యాంపులో ఉన్నారు. రేపు రాగలరు." అంతే, రెండే వాక్యాలు. 'క్యాంపు'లో య-వత్తు ముందు మరిచిపోయి తర్వాత ఇరికించారు. కింది కుడి మూలను ఏదో మేక రుచి చూసింది. ఎండకు పల్చబడి వెనక వైపు రాత కూడా బయటికి కనిపిస్తోంది, పాత గాలికుంటు టీకాల లిస్టు, బర్రెలు ఇన్ని ఆవులు ఇన్ని అని. అంటే తమరు పుట్టింది కూడా పశువుల సేవలోనే అన్నమాట, చాలా సంతోషం.

నా పక్కన మా చుక్క ఉంది. జెర్సీ క్రాసు, నుదుట తెల్ల మచ్చ, పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది. అప్పటికి ఐదు రోజుల కింద కుడితి తొట్టిలో మూతి పెట్టి, తాగకుండానే తీసేసింది. ఆ సాయంత్రం రెండు లీటర్లు, తెల్లారి లీటరు, ఆ తర్వాత చెంబు అడుగు కూడా తడవలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఇక మా వాడకట్టు మొత్తం ఒక్క రాత్రిలో డాక్టర్లైపోయింది. దిష్టి అన్నారు, పురుగు ముట్టిందన్నారు, పాలిథిన్ కవరు మింగి ఉంటదన్నారు, మైసమ్మకు మొక్కు బాకీ ఉందేమో గుర్తుతెచ్చుకోమన్నారు. మెడికల్ షాపాయన జ్వరం సూది ఇచ్చాడు, పూట తగ్గింది, మళ్ళీ ఎక్కింది. మా బావమరిది హైదరాబాద్ నుంచి ఒక వీడియో పంపాడు, అందులో ఆవుకు కొబ్బరినీళ్ళు తాగిస్తున్నారు. మా అమ్మ ఒక్కతే ఏ మందూ చెప్పలేదు. "బుజం ముంగట గడ్డ లేసింది సూడు బిడ్డా, కోడిగుడ్డంత" అంది. ఎవరం పట్టించుకోలేదు, నాతో సహా. గడ్డకూ పాలకూ ఏం సంబంధం అని నేనే అన్నాను, ఆ మాట ఇప్పటికీ కడుపులో తిరుగుతోంది.

సరే, ఆరు వందలిచ్చి ట్రాలీ ఆటో మాట్లాడి, నలుగురం పట్టి చుక్కను ఎక్కించి తీసుకొస్తే, దవాఖానలో దొరికింది తమరు. తాళం కూడా ఉంది కానీ అది ఏమీ మాట్లాడలేదు, దాని మర్యాద దానిది. మాట ఇచ్చింది తమరే.

ఇప్పుడు ఆ మాట గురించి మాట్లాడుకుందాం. 'రేపు' అన్నారు. ఎవరి రేపు? ఏ రోజు నుంచి లెక్క? తమరి మీద తేదీ లేదు. సోమవారం చదివితే మంగళవారం, మంగళవారం చదివితే బుధవారం, దీపావళికి చదివితే దీపావళి తెల్లారి. ప్రపంచంలో ఏ రోజు చదివినా అబద్ధమని తేల్చలేని మాట రాయాలంటే ఎంత తెలివి ఉండాలి! మా చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దముక్కతో రాసేవాళ్ళు, రాత్రిపూట తిరిగే దయ్యం అది చదువుకుని వెనక్కి పోతుందని. దయ్యానికి చదువొచ్చని నమ్మేవాళ్ళం, పైగా అది రోజూ వచ్చి రోజూ మోసపోయేది. అప్పుడు నవ్వుకున్నాను. సోమవారం నాడు జ్వరంతో నిలబడలేని ఆవును పట్టుకుని అదే మాట చదువుతుంటే, ఆ దయ్యం బాధ ఏమిటో అర్థమైంది.

మూడు గంటలకు చుక్క ముందు కాళ్ళు మడిచి కూలబడింది. మే నెల ఎండ, చెట్టు నీడ కూడా కాలుతోంది. పశువులను నిలబెట్టే ఇనుప బోను మీద ఎవరిదో తువ్వాల ఆరేసి ఉంది, దాన్నే తడిపి చుక్క మొహం తుడిచాను. కళ్ళ రెప్ప కింద చూస్తే ఎరుపు లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అప్పుడు తల ఎత్తితే మళ్ళీ నువ్వే. రేపు రాగలరు. ఇక తమరు గిమరు అనడం నా వల్ల కాదు. ఒరేయ్ కాగితమా, ఒక్క తేదీ! తారీకు, నెల, మధ్యలో ఒక గీత, పెన్ను నీ మీద ఉన్నప్పుడే రాస్తే అర నిమిషం పట్టేదా? ఏ ఊళ్ళో క్యాంపో రాస్తే అక్కడికే తోలుకుపోయేవాడిని కదా? కింద జానెడు జాగా ఖాళీగా పెట్టుకున్నావు, మేకకు మేత కోసమా? ఆ జాగాలో 1962 అని నాలుగు అంకెలు వేసినా సరిపోయేది. ఆ నంబరు నాకు తెలియక కాదు, పశువుల అంబులెన్సు మీద ఎన్నిసార్లు చూశానో. కానీ కళ్ళ ముందు ఆవు కూలుతుంటే ఆ టెన్షన్‌లో మనిషికి సొంత నంబరే గుర్తురాదు. చివరికి గుర్తుచేసింది ఆటో పిల్లగాడు.

తెల్లారి ఆ బండి వచ్చింది. డాక్టరమ్మ దిగగానే థర్మామీటరు పెట్టింది. ఆవుకు 101 దాటి ఉండడం మామూలేనట, మా చుక్కకు 106. తర్వాత చెయ్యి నేరుగా భుజం ముందుకు పోయింది. "ఈ గడ్డ ఎప్పటి నుంచి?" అంది. మా అమ్మ నా దిక్కు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. తోక ఎత్తి, చెవుల లోపల వెతికి, కందిగింజల్లా అంటుకున్న గోమార్లను చూపించింది. చెవి కొసన సూదితో పొడిచి, ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీద రుద్ది పరీక్షకు పంపింది, కానీ రిపోర్టు కోసం ఆగలేదు. ఇరవై కిలోలకు ఒక మిల్లీలీటరు లెక్కన మూడు వందల కిలోల ఆవుకు పదిహేను మిల్లీలీటర్ల సూది వేసింది, మందు బుపార్వాక్వోన్ అట, పేరు మూడుసార్లు అడిగి రాసుకున్నాను. రోగం థైలేరియా. గోమార్లు కుట్టి అంటిస్తాయి, అది నెత్తుటి కణాలను తినేస్తుంది, నాటు ఆవులు కొంత తట్టుకుంటాయి గానీ క్రాసు ఆవులను నిలువునా కూలుస్తుంది. కొట్టం గోడ పగుళ్ళలో కూడా గోమార్లు దాక్కుంటాయి, అక్కడా మందు కొట్టమంది. వాడకట్టు మొత్తానికి ఐదు రోజులు అంతుచిక్కని రోగం, పట్టుమని పది నిమిషాల్లో తేలిపోయింది.

వరంగల్ పక్కన మామునూరులో పశువైద్య కాలేజీ ఉంది. మన వంగర పీవీ గారి పేరు మీద పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. ఇంత చదువు చుట్టుపక్కల పెట్టుకుని మేము అన్నం మెతుకుల కాగితం దగ్గర ఆగిపోయాం చూడు, అక్కడ కాలుతుంది నాకు.

నిన్న శుక్రవారం గోమార్ల మందు కోసం మళ్ళీ వచ్చాను. తలుపు బార్లా తెరిచి ఉంది. డాక్టర్ సారు లోపల కూర్చుని ఒక మేకపిల్లకు కట్టు కడుతున్నాడు. తలుపు మీద నువ్వు మాత్రం నీ పని నువ్వు చేస్తున్నావు, సారు క్యాంపులోనే ఉన్నారని. సోమవారం సంగతి అడిగితే, పక్క తండాలో బర్రె ఈనలేక అడ్డం పడితే పోయాడట, ఐదింటికి తిరిగొచ్చాడట. నేను వెళ్ళిపోయింది నాలుగున్నరకు. మరి ఈ కాగితం ఏంది సార్ అంటే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి నీ దిక్కు చూశాడు. అటెండర్ నవ్వాడు. "అది సంక్రాంతి ముంగట క్యాంపుకు పోయినప్పుడు పెట్టింది సార్, గట్లనే ఉండిపోయింది."

జనవరి రేపు! నాలుగు నెలలుగా అదే రేపు!

చుక్క ఇవ్వాళ పొద్దున చొప్ప నాలుగు పరకలు నమిలింది. పాలు ఇంకా గ్లాసుడే, నెత్తురు పట్టడానికి టైం పడుతుందట. ఆ సంతోషంలోనో ఆ కోపంలోనో తెలియదు, నిన్న మాత్రం అటెండర్ చూస్తుండగానే స్కెచ్ పెన్ను తీసి నీ ఖాళీ జాగాలో 1962 అని పెద్దగా రాశాను. తర్వాత చింపేద్దామని నీ మూల పట్టుకున్నాను కూడా. అటెండర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాసుకుంటే రాసుకో గని చింపకు సార్. మల్ల క్యాంపు పడితే కావాలె."

ఇట్లు,
చుక్క తరఫున, దాని గడ్డను పట్టించుకోని ఒకడు