కాలనీ సంఘానికీ వేలం పాటేనా?

ఊళ్లలో సర్పంచ్ కుర్చీకి పాడిన పాట పట్టణాలకు ఎక్కింది. నల్లగొండలోనూ పాలమూరులోనూ కాలనీ సంక్షేమ సంఘాల గడువు ముగిసే వేళకు గుడి మండపంలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని అధ్యక్ష పదవికి ధర కట్టడం మొదలైంది. గుడికి ప్రహరీ కట్టిస్తానన్న వారికి అధ్యక్ష పదవి, బోరుకు కొత్త మోటారు బిగిస్తానన్న వారికి కార్యదర్శి పదవి. అప్పటికే నామినేషన్ వేసిన వారిని ఇంటికి పిలిపించి, “ఇరుగుపొరుగోళ్లం, మనలో మనకు పోటీ ఎందుకు” అంటూ విత్‌డ్రా కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. దీనికి ఏకగ్రీవం అని పేరు పెట్టారు. జరుగుతున్నది అమ్మకం. ఈ మాటను మెత్తగా చెప్పే ఉద్దేశం మాకు లేదు.

పోటీ పెడితే పక్కపక్క ఇళ్ల మధ్య మాటలు పోతాయని, ఎన్నికల ఖర్చు దండగని, విరాళం వస్తే కాలనీకే లాభమని ఏకగ్రీవవాదులు చెబుతారు. నిజంగానే ఎవరూ ముందుకు రాక ఒక్కరే నిలబడితే తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కానీ నిలబడిన వారిని కూర్చోబెట్టి, కూర్చోబెట్టినందుకు ధర తీసుకుంటే అది వేరే సంగతి. పైసలు పెట్టి తెచ్చుకున్న పదవికి రేపు లెక్క ఎవరికి చెప్తారు? ఓటు వేసిన వారికా, పాట పాడించిన వారికా?

లెక్క చెప్పాల్సినవి తక్కువేమీ కాదు. నెలనెలా ఇంటింటికీ వసూలయ్యే మెయింటెనెన్స్, వాచ్‌మన్ జీతం, బోరు మోటారు కరెంటు బిల్లు, కమ్యూనిటీ హాలు కిరాయి, సీసీ కెమెరాల చందా, వినాయక చవితి, బతుకమ్మ ఖర్చులు అన్నీ సంఘం ఖాతాలో నుంచే నడుస్తాయి. వీటన్నిటినీ మించింది పార్కు స్థలం. అనుమతి ఉన్న లేఅవుట్లో ఖాళీగా వదలాల్సిన పది శాతం జాగాను మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేసినా, దానికి కంచె ఉందా లేదా, పక్క ప్లాటు గోడ రెండడుగులు లోపలికి జరిగిందా అని రోజూ చూసే కన్ను సంఘానిదే. 2020 ఎల్ఆర్ఎస్‌లో, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో, ఇలా ఖాళీ జాగా వదలని లేఅవుట్లలోని ప్లాటుకు రిజిస్ట్రేషన్ నాటి మార్కెట్ విలువలో 14 శాతం చొప్పున కట్టాల్సి వచ్చింది. ఆ జాగా విలువ ఎంతో ఆ చలాన్లు కట్టినవారిని అడిగితే తెలుస్తుంది. అలాంటి స్థలానికి కాపలా ఉండే పదవిని గుడి మండపంలో పాటకు పెడుతున్నారు.

ప్రహరీ విరాళం సంగతీ చూద్దాం. అధ్యక్షుడు తన సొంత మేస్త్రీతో కట్టిస్తాడు. ఎన్ని అడుగులు కట్టారు, ఎన్ని బస్తాల సిమెంటు పట్టింది, పునాది ఎంత లోతు తీశారు అని అడిగేవారు ఉండరు. ఊరికే ఇచ్చిందాన్ని కొలుస్తామా అనే మొహమాటం అందరికీ ఉంటుంది. రసీదు పుస్తకంలో ఆ విరాళం ఎక్కదు, ఎక్కిస్తే ఏ పద్దు కింద రాయాలో కోశాధికారికి తోచదు. ఆరు నెలలకు కమ్యూనిటీ హాలు బుకింగులకు రసీదులు ఆగిపోతాయి. ఏడాదికి పార్కు మూలన “తాత్కాలికంగా” ఒక షెడ్డు లేస్తుంది. అప్పుడు సమావేశంలో లేచి అడిగినవారికి వచ్చే జవాబు ఒక్కటే: “గోడ నేను కట్టించిన.”

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. 2019లోనూ, 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికల్లోనూ సర్పంచ్ పదవులకు వేలం పాటలు పాడిన వార్తలు రాష్ట్రమంతా చదివింది. అక్కడ కనీసం చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్ ప్రకారం ఎన్నికల హక్కు అంటే ఓటు ఒక్కటే కాదు, పోటీలో నిలబడటం, నిలబడకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా అందులోనివే. ఆ హక్కును డబ్బుతో మళ్లించడం లంచం, దానికి ఏడాది వరకు జైలు ఉంది. కాలనీ సంఘం ప్రభుత్వ సంస్థ కాదు కాబట్టి ఈ సెక్షన్లు దాని దాకా రావు. ఇక్కడ ఎన్నికల పరిశీలకుడు రాడు, ఫ్లయింగ్ స్క్వాడ్ రాదు. కాపాడుకుంటే కాలనీవాసులే కాపాడుకోవాలి. మా భయమంతా ఇదే. చట్టం ఉన్నచోటే ఆగని పాట, చట్టం చేరని చోట ఒకసారి పాతుకుంటే ఎవరు పీకేస్తారు?

ఈ పాటకు బలవుతున్నవారు ఎవరో కూడా చూడాలి. సోమవారం ప్రజావాణికి దరఖాస్తు పట్టుకుని కలెక్టరేట్ మెట్లెక్కేది, డ్రైనేజీ పొంగితే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు పదిసార్లు ఫోన్ చేసేది, వాన పడితే ఏ గల్లీలో నీళ్లు ఆగుతాయో చెప్పగలిగేది సాధారణంగా ఒక రిటైర్డ్ టీచరో, ఒక గృహిణో, డిగ్రీ చదివిన ఓ కుర్రాడో. వీళ్ల దగ్గర ప్రహరీ కట్టించే పైసలు ఉండవు. వేలంలో వీళ్లు మొదటి పాటకే తప్పుకోవాలి. బతుకమ్మ తొమ్మిది రోజులూ లైట్లు, నీళ్లు, నిమజ్జనం దారి అన్నీ చూసుకునే ఆడవాళ్లకు కమిటీలో ఒక “మహిళా ప్రతినిధి” పదవి పడేసి, సమావేశానికి వాళ్ల భర్తలను పిలుస్తున్నారు. పని చేసేవారిని పక్కకు నెట్టి, పేరు కావాల్సిన వారిని ముందుకు తెచ్చే పద్ధతిది.

సరిగ్గా జరిపితే కాలనీ ఎన్నిక ఒక్క ఆదివారం పని. ముందుగా సంఘం బైలా, అంటే నియమావళి, బయటకు తీయాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమైతే దాని బైలా జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉంటుంది, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. పదవీకాలం, కోరం, ఓటు ఎవరికన్నది అందులోనే ఉంటాయి. తర్వాత పోటీలో లేనివారు, తమ ఇంట్లో ఎవరూ పోటీలో లేనివారు ముగ్గురిని ఎన్నికల అధికారులుగా సర్వసభ్య సమావేశమే ఎన్నుకోవాలి. పాత కమిటీ నియమించిన అధికారితో ఎన్నిక పెడితే గొడవ మొదలైనట్టే.

గొడవలు ఎక్కువగా పుట్టేది ఓటరు జాబితాలోనే. నాలుగు ప్లాట్లున్నాయని నాలుగు ఓట్లు అడిగేవారు ఉంటారు. భార్యాభర్తల పేరున ఉన్న ఇంటికి ఇద్దరూ వస్తారు. హైదరాబాద్‌లో ఉంటూ ఇక్కడ ఖాళీ ప్లాటు పెట్టుకున్నవారి తరఫున ఎవరో ఉత్తరం పట్టుకొస్తారు. పదేళ్లుగా కిరాయికి ఉండి నెలనెలా చందా కడుతున్నవారి పేరు మాత్రం జాబితాలో ఉండదు. ఇవన్నీ బైలా చూసి ముందే తేల్చి, జాబితాను ఎన్నికకు కనీసం రెండు వారాల ముందు హాలు గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకోవాలి. సభ్యత్వ రుసుముకు చివరి తేదీ నోటిఫికేషన్‌కు ముందే ఉండాలి. లేకపోతే చివరి రాత్రి ఒకే చేతిరాతతో, వరస నంబర్లతో యాభై రసీదులు పుడతాయి.

ఉపసంహరణ మీదే అసలు పట్టు పెట్టాలి. అభ్యర్థి స్వయంగా ఎన్నికల అధికారి ముందుకు వచ్చి, ప్రకటించిన గంటల్లో, హాలులోనే సంతకం చేయాలి. ఇంకొకరి చేతికిచ్చి పంపిన కాగితం చెల్లదని ముందే రాసిపెట్టాలి. అందరూ తప్పుకుని ఒక్కరే మిగిలితే చప్పట్లు కొట్టించి ముగించకూడదు. ఆ ఒక్క పేరు మీద కూడా అవును, కాదు అని రహస్య ఓటు పెట్టాలి. కాదన్నవి ఎక్కువైతే మళ్లీ నామినేషన్లు పిలవాలి. బైలాలో ఈ నిబంధన లేకపోతే ఈ ఏడాదే సవరించుకోవాలి. వేలం పాటను ఆపగలిగేది ఇదే. కొన్నాక కూడా ఓడిపోవచ్చని తెలిస్తే కొనేవారు తగ్గుతారు.

ఇక ఓటు. నూట యాభై ఇళ్ల కాలనీలో చేతిరాత, సిరా రంగు చూసి ఎవరి ఓటో చెప్పేస్తారు. అందుకే పెన్ను టిక్కు వద్దు, అందరికీ ఒకే రబ్బరు ముద్ర, ఒకే సిరా ప్యాడ్ ఉండాలి. క్రమసంఖ్య కౌంటర్‌ఫాయిల్ మీదే ఉండాలి, ఓటరు చేతికిచ్చే చీటీ మీద కాదు. చీటీ వెనక ఎన్నికల అధికారి సంతకం ముందే ఉండాలి. సంతకం లేని చీటీలు లెక్కింపులో బయటపడితే రాత్రంతా పంచాయితీయే. చీటీని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలని ఓటరుకు చెప్పాలి. ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా కింది పేరు మీద అచ్చుపడి మంచి ఓటు చెల్లకుండా పోతుంది. లెక్కింపు అదే రోజు, అదే హాలులో, అభ్యర్థుల ఎదుటే జరగాలి.

గెలిచాక పూలదండల కంటే ముందు చేయాల్సిన పని అప్పగింత. రసీదు పుస్తకాలు, మినిట్స్ రిజిస్టరు, క్యాష్ బుక్, బ్యాంకు పాస్‌బుక్, మోటారు గది తాళాలు జాబితా రాసి రెండు కమిటీలూ సంతకం చేయాలి. సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లో కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు చేరాలి. ఇది జరగని చోట ఏమవుతుందో చాలా కాలనీలు చూశాయి. రెండు వర్గాలు రెండు జాబితాలు ఇస్తాయి. ఎవరి సంతకం చెల్లుతుందో తేలక బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. బోరు కరెంటు బిల్లు కట్టే దిక్కుండదు, డిస్కం సిబ్బంది ఫ్యూజు తీసుకుపోతారు. ఎండాకాలంలో కాలనీ అంతా ట్యాంకర్ కోసం నిలబడుతుంది. అప్పుడు సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకో, మధ్యవర్తిత్వానికో పోవాలి. ఎన్నిక ఖర్చు దండగ అన్న పెద్దమనుషులు వకీలు ఫీజు ఎంతో ఒకసారి కనుక్కుంటే మంచిది.

పార్టీల పాత్ర గురించీ చెప్పాలి. వార్డు టికెట్టు ఆశించేవారికి కాలనీ అధ్యక్ష పదవి మొదటి మెట్టుగా కనిపిస్తోంది. అందులో తప్పు లేదు, పని చేసి పైకి రావచ్చు. కానీ ఆ మెట్టును కొనుక్కుంటే ఎలా? 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కో దాంట్లో పదిహేను మంది చొప్పున అరవై మంది పౌరులకు చోటిచ్చింది. వాటిలోకి ఓటుతో వచ్చేదేమీ లేదు. తన గల్లీకి ఎవరు పెద్ద అన్నది మనిషి తన ఓటుతో చెప్పుకునే చోటు కాలనీ సంఘమే. అక్కడా పాటే పాడితే, పైసలు తీసుకుని ఓటేస్తున్నారని జనాన్ని తిట్టే అర్హత ఆ మండపంలో కూర్చున్నవారికి ఉందా? ఎమ్మెల్యే ఎన్నికల్లో డబ్బు పంపిణీ మీద ఉపన్యాసాలిచ్చే రిటైర్డ్ అధికారులూ, వకీళ్లూ, డాక్టర్లే ఈ పాటలకు పెద్దరికం వహిస్తున్నారు. చదువులేని పల్లె అమాయకత్వమని సర్దుకోవడానికి ఇక్కడ వీల్లేదు.

కాలనీవాసులకూ ఒక మాట. సర్వసభ్య సమావేశం ఆదివారం పొద్దున పెడితే కోరం నిండదు, మటన్ షాపు ముందు మాత్రం వరస నిండుతుంది. మీరు రాని సమావేశంలోనే మీ పార్కు, మీ హాలు, మీ బోరు ఎవరికో అప్పగిస్తున్నారు. నామినేషన్ వేసిన పొరుగింటి టీచరమ్మను తప్పుకోమని ఒత్తిడి చేస్తుంటే కిటికీ వేసుకున్నవారు, రేపు రసీదు ఇవ్వలేదని వాట్సాప్‌లో గొణగడం దేనికి? పెద్దమనుషులూ వినండి. గుడికి ఇవ్వాలనుకున్నవారు ఇవ్వండి, రసీదు తీసుకోండి. పదవి కావాలనుకున్నవారు నామినేషన్ వేయండి, ఇల్లిల్లూ తిరిగి ఓటు అడగండి. నామినేషన్ వేసిన వారి ఇంటికి విత్‌డ్రా కాగితం పట్టుకుని పోవడం ఇవాళే మానండి.