ఫ్రిట్జ్ లాంగ్ ఆ రాత్రి రైలెక్కి మాయమైపోలేదు

సినిమా పిచ్చోళ్ల మధ్య తెగ తిరిగే కథ ఇది. 1933లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్, ‘మెట్రోపోలిస్’ తీసిన ఫ్రిట్జ్ లాంగ్‌ను పిలిపించి, జర్మన్ సినిమా మొత్తం మీ చేతుల్లో పెడతానన్నాడట. లాంగ్ తలూపుతూనే కిటికీలోంచి గడియారం చూస్తున్నాడట. బ్యాంకు మూసేసే టైము దాటిపోయింది. డబ్బు కూడా తీసుకోకుండా ఆ రాత్రే పారిస్ రైలెక్కేశాడట. భార్య నాజీ పక్షం చేరిందని ఆమెనూ వదిలేశాడట.

కథ బ్రహ్మాండం. కాకపోతే దీన్ని చెప్పింది స్వయంగా లాంగే. అమెరికా వెళ్లాక ఇంటర్వ్యూల్లో చెప్పుకుంటూ వచ్చాడు, చెప్పేకొద్దీ హంగులు పెరిగాయి. గోబెల్స్ డైరీలు అచ్చయ్యాయి, వాటిలో ఈ భేటీ ఊసే లేదు. భేటీ జరగనే లేదని నేననను. సాక్షి మాత్రం ఒక్కడే, అతనూ కథలల్లడంలో దిట్ట.

రైలు సంగతికొస్తే, లాంగ్ పాస్‌పోర్ట్ ఇప్పటికీ ఉంది. దానిమీది ముద్రలు చూస్తే ఆ ఏడాది ఆయన విదేశాలకు వెళ్లడం, మళ్లీ జర్మనీకి రావడం కనిపిస్తుంది. చివరిసారి దేశం దాటింది జూలై 31న. విదేశీ కరెన్సీ కొన్న గుర్తులూ ఉన్నాయి. జేబులో చిల్లిగవ్వ లేకుండా పరుగు తీసినవాడి పాస్‌పోర్ట్ ఇలా ఉండదు.

భార్య విషయంలో నిజం సగమే. రచయిత్రి థియా వాన్ హార్బో నాజీల కాలంలో జర్మనీలోనే ఉండి పనిచేసింది, అది కాదనలేం. కానీ ఆ కాపురం అంతకుముందే చెడింది. ఇద్దరికీ వేరే అనుబంధాలున్నాయి. ఆమె ప్రేమించింది అయి టెండూల్కర్ అనే భారతీయుణ్ణి! విడాకులు 1933 ఏప్రిల్‌లోనే వచ్చాయి.

ఇంత చదివి, ‘అయితే ప్రవాసమూ నాటకమేనా’ అని కొందరు ఎగురుతారు. అదీ తప్పే. డాక్టర్ మబూజ అనే కల్పిత నేరగాడి మీద లాంగ్ తీసిన రెండో సినిమాను ఆ మార్చిలో నాజీలు నిషేధించారు. ఆయన తల్లి యూదు కుటుంబంలో పుట్టి కాథలిక్ మతం పుచ్చుకున్న మనిషి, నాజీలకు లెక్క పుట్టుకే. అదే మార్చిలో ఉఫా అనే జర్మన్ సినిమా స్టూడియో యూదు ఉద్యోగుల్ని తీసేసింది. ‘మెట్రోపోలిస్’ నిర్మాత ఎరిక్ పోమర్ కూడా పారిస్ చేరాడు. అక్కడ లాంగ్‌తో ‘లిలియోం’ తీయించింది ఆయనే. 1934లో లాంగ్ అమెరికా వెళ్లిపోయాడు. గడియారం, బ్యాంకు లేకపోయినా ఇది వలస కాక మరేమిటి?

ఆయన మళ్లీ జర్మన్ సినిమా తీయడానికి ఇరవై ఏళ్లు దాటింది. దానికోసం ఉదయపూర్‌లోనూ షూటింగ్ చేశాడు. అందుకు తీసుకున్న నవల హార్బోది. అప్పటికామె చనిపోయి నాలుగేళ్లయింది.