తర్వాత గుర్తుచెయ్యి
కంప్యూటర్ తెర కింది మూలన చిన్న పెట్టె వచ్చేది, విండోస్ అప్‌డేట్ ఉంది, రీస్టార్ట్ చెయ్యనా అని. నేను ‘తర్వాత గుర్తుచెయ్యి’ నొక్కేవాణ్ణి. ఏళ్ల తరబడి అది అడిగేది, నేను వాయిదా వేసేవాణ్ణి, కోర్టులో కేసులాగా. దీన్ని కొందరు బద్ధకం అంటారు. కాదండీ, జాగ్రత్త. పైసా అడక్కుండా, నెలనెలా రెండో మంగళవారం ఠంచనుగా వచ్చి ‘నీ మేలు కోసమే’ అనేవాణ్ణి ఎవరు మాత్రం నమ్ముతారు?

అదే, ఏదో సైటు తెరవగానే ఎర్రటి తెర వచ్చి, సైరన్ మోగించి, మీ కంప్యూటర్‌లో 37 వైరస్‌లున్నాయి వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అంటే మాత్రం కళ్లు చెమరుస్తాయి. ముక్కూ మొహం తెలియని మనిషి, నా కోసం కూర్చుని 37 లెక్కపెట్టాడు! (వెబ్ పేజీకి నా డిస్కంతా వెతికి వైరస్‌లు ఏరే వీలే ఉండదని తెలిసినవాళ్లు అంటారు. తెలిసినవాళ్లతో వచ్చిన చిక్కే ఇది, దేన్నీ నమ్మరు.) ఫోన్ చేస్తే ఎంత మర్యాద, మాట మాటకీ సార్. కంప్యూటర్ తన సంగతులన్నీ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ తెరిపిస్తాడు, అందులో ఎర్ర గుర్తులు చూపించి అయ్యో అంటాడు. నిక్షేపంలా నడిచే కంప్యూటర్‌లో కూడా ఆ ఎర్ర గుర్తులు ఉంటాయట. ఉండనివ్వండి, నా కంప్యూటర్‌ని చూసి అయ్యో అన్న మొదటి మనిషి అతను. ఆ తర్వాత ఏదో రిమోట్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమంటాడు, పెట్టుకుంటాం, మౌస్ బాణం దానంతటదే తిరుగుతూ నేరుగా బ్యాంకు సైటు వైపు నడుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది.

చరిత్ర చదివినవాళ్లు వెంటనే వన్నాక్రై అనే కంప్యూటర్ పురుగు పేరెత్తుతారు. 2017 మే 12న మొదలైంది, దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ పురుగు దూరిన కన్నానికి మాటు (అదే, అప్‌డేట్) మాత్రం రెండు నెలల ముందే, మార్చి 14నే, మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చేసింది! అందరూ ఆ రోజే బుద్ధిగా రీస్టార్ట్ కొట్టి ఉంటే పాపం ఆ పురుగు ఎక్కడికి పోయేది? దానికి నిలువ నీడ ఇచ్చింది మా వాయిదా వర్గమే. పైగా మాటు ఎక్కడ వేశారో చూస్తే చిరుగు ఎక్కడుందో దొంగకి ఇట్టే తెలిసిపోతుంది కదా, కాబట్టి అప్‌డేట్ విడుదలయ్యాక దాన్ని వేసుకోకుండా కూర్చోవడానికి మునుపటికంటే ఎక్కువ గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి గుర్తింపు లేదు.

పాస్‌వర్డ్ సంగతికొస్తే, అన్నిటికీ ఒకటే. ఎక్కడో ఒక సైటులో అది బయటపడితే మిగతావాటిలోకీ అదే పెట్టి ప్రయత్నిస్తారని భయపెడతారు, వాళ్లకి మాత్రం శ్రమ ఎందుకు పెట్టాలి. విండోస్‌తోనే ఒక యాంటీవైరస్ వస్తుంది, ఊరికే వచ్చింది కాబట్టి అదీ అనుమానమే. అందుకని ఇంకో రెండు తెచ్చి పెట్టాను. అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ ఉంటాయి, వైరస్ జోలికి పోయే తీరిక వాటికి లేదు.

ఇక శుభవార్త. నేను గెలిచాను. 2025 అక్టోబర్ 14 తర్వాత నా విండోస్ 10 నెలనెలా అడగడం మానేసింది. దాని మామూలు సపోర్టు ఆ రోజుతో అయిపోయిందని, అదనపు భద్రత పథకంలో విడిగా చేరితే తప్ప ఇక మాట్లు రావని, దొరికిన కన్నం దొరికినట్టే ఉండిపోతుందని ఎవరో చెప్పబోయారు. నేను వినలేదు. అన్నేళ్లు అడిగి అడిగి చివరికి అదే అలిసిపోయింది, అంతే.

బ్యాకప్ లేదనుకునేరు, ఉంది. ఫొటోలు, కాగితాలు, అన్నీ సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టాను. రెండూ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి, దూరం పోయి వెతుక్కునే పని లేదు. పెట్టె నోరు మూసుకున్నాక గది ప్రశాంతంగా ఉంది కానీ, రెండు రోజులుగా ఆ డిస్కులోంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. అది కూడా ఏదో గుర్తుచేస్తున్నట్టే ఉంది. తర్వాత చూద్దాం.