ముందు బొమ్మకే కొలతలు

కొత్తొక వింత, పాతొక రోత అన్న మహానుభావుడు ఎప్పుడూ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉండడు. ఈ రోజుల్లో పాతదే వింత. పాపకి గౌను కొత్తగానే కుట్టాలి, కానీ చూసినవాళ్ళు మాత్రం డెబ్భై ఏళ్ళ కిందట ఎవరో కుట్టి ట్రంకుపెట్టెలో దాచినట్టుందే అనాలి. అలా అనకపోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇది చాలదన్నట్టు అదే గౌను, అదే గుడ్డతో, అదే లేసుతో, పాప చంకలో వేలాడే బొమ్మకి కూడా ఉండాలి. దీన్నే మ్యాచింగ్ అంటారు.

ఈ రంగంలో మూడు వారాలు నిద్ర మానుకుని చేసిన కృషి ఫలితంగా నాకొక విషయం తేలింది. దాన్ని లోకం ముందు పెట్టడం నా బాధ్యత. ఇద్దరు కస్టమర్లలో బొమ్మే మేలు. గౌను ముందు బొమ్మకి కుట్టి, తర్వాత పాపని దానికి తగ్గట్టు సర్దుకోవాలి తప్ప, పాపకి కుట్టి బొమ్మ దగ్గరికి రావడం పునాది వదిలేసి పైకప్పు వేయడమే. ఇది కోపంలో అంటున్న మాట కాదు. నా దగ్గర రుజువులున్నాయి.

కొలతల సంగతే తీసుకోండి. మా పాప నడుము మొదటిసారి 22 అంగుళాలు వచ్చింది. రెండోసారి 23న్నర. ఈ రెండింటికీ మధ్య జరిగిందేమిటంటే, తను నవ్వింది. ఇంచి టేపు చల్లగా తగిలిందట. మూడోసారి ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుని, "ఇప్పుడు కొలువమ్మా" అంది. నాలుగోసారికి టేపు పామైపోయి మంచం కిందికి పారిపోయింది. బొమ్మ నడుము 11 అంగుళాలు. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 11. గోడకి ఆనించి నిలబెడితే అలాగే నిలబడింది. అరగంట తర్వాత వచ్చి చూసినా అదే ముఖం, అదే చూపు. ఇంతకంటే ఉత్తమురాలైన కస్టమరు ఏ దర్జీకి దొరుకుతుంది?

నవ్వకండి. ఈ వాదనకి చరిత్ర బలం కూడా ఉంది. ఫ్యాషన్ పత్రికలు ఇంకా పుట్టని రోజుల్లో, పారిస్‌లో ఏ గౌన్లు నడుస్తున్నాయో పరదేశపు రాణులకి తెలియాలంటే మనుషుల్ని కాదు, బొమ్మల్ని పంపేవారు. పండోరాలని వాటికి పేరు. తల నుంచి కాలి దాకా కొత్త ఫ్యాషన్ తొడుక్కుని బొమ్మ బండెక్కి సరిహద్దులు దాటేది. దాన్ని చూసి రాణిగారు తను కుట్టించుకునేది. అంటే ముందు బొమ్మ, తర్వాతే రాణి. మదలీన్ వియొనే అని గుడ్డని క్రాస్‌లో, అంటే నేతకి ఏటవాలుగా, కత్తిరించడంలో తిరుగులేని మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ కూడా తన గౌన్లని ముందు ఒక చిన్న చెక్కబొమ్మ మీదే గుడ్డ చుట్టి, పిన్నులు గుచ్చి చూసుకునేది. ఆ బొమ్మ ఒక్కసారైనా "అమ్మా, గుచ్చుకుంటోంది" అన్నట్టు దాఖలాలు లేవు.

1945 సంగతైతే మరీ ఘనం. యుద్ధం వల్ల పారిస్‌లో గుడ్డకి కటకట. పేరున్న దర్జీలందరూ కలిసి ఏం చేశారు? మనిషిలో మూడో వంతుండే తీగబొమ్మలు తయారుచేయించి, వాటికి గౌన్లు, టోపీలు, చేతిసంచులు, బూట్లు కుట్టి ప్రదర్శన పెట్టారు. ఒక్కోటి 27 అంగుళాల చిల్లర ఎత్తు. మనుషులకి గుడ్డ లేని కాలంలో బొమ్మలకి అస్తరుతో సహా దొరికింది. దాన్ని చూడ్డానికి మనుషులు పాతబట్టలేసుకుని వరసలో నిలబడ్డారు. బొమ్మకి ప్రాధాన్యం నేను కనిపెట్టిందేం కాదు, నేను దాన్ని పునరుద్ధరిస్తున్నానంతే.

అయితే బొమ్మ పక్షాన వాదించేవాళ్ళు లెక్కల్లో కాస్త జాగ్రత్తగా ఉండాలి. మా పాప ఎత్తు 45 అంగుళాలు, బొమ్మ 18. ఎత్తు రెండున్నర రెట్లు తగ్గితే గుడ్డ ఆరు రెట్లకి పైగా తగ్గుతుంది. ఇది విని నాకు మహా సంతోషమేసింది. పని కూడా ఆరో వంతే ఉంటుందనుకున్నాను. గుడ్డ తగ్గుతుంది గానీ గుడ్డ మందం తగ్గదని, సూది చిన్నదవదని, ముఖ్యంగా నా వేళ్ళు 18 అంగుళాల మనిషి వేళ్ళంత కావని నాకెవరూ చెప్పలేదు.

1863లో ఎబెనెజర్ బటరిక్ అనే ఆయన సైజుల వారీగా కాగితపు ప్యాటర్న్‌లు, అంటే గుడ్డ మీద పెట్టి కత్తిరించుకునే నమూనాలు, అమ్మడం మొదలుపెట్టాడు. ఆ వంశంలో పుట్టిన ప్యాటర్న్‌లు చాలావాటిలో కుట్టు కోసం అంచున 5/8 అంగుళం వదలమని ఉంటుంది. పాప గౌనుకి అది చక్కగా సరిపోయింది. అదే అలవాటులో బొమ్మ దగ్గరికి వచ్చాను. బొమ్మ భుజం మీద మెడకీ చంకకీ మధ్య నేను కత్తిరించిన గుడ్డ వెడల్పు అంగుళంపావు. మెడవైపు 5/8, చేతివైపు 5/8 కుట్టులోకి పోతే మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి. నేను రాత్రి పదకొండున్నరకి లెక్కేసుకున్నాను. భుజమే లేని గౌను చేతిలో పట్టుకుని లెక్కేసుకున్నాను. బొమ్మకి పావు అంగుళం చాలు, అది కూడా కుట్టాక కత్తిరించి పలచన చేయాలి. లేకపోతే ఆ బుల్లి కాలర్ లోపల మడతల మీద మడతలు చేరి, ఎంత ఇస్త్రీ చేసినా లేచి నిలబడి సెల్యూట్ కొడుతుంది.

కుచ్చులదీ అదే గోల. పాప గౌను పావడాకి నడుముకి రెండున్నర రెట్లు గుడ్డ తీసుకుని, పైఅంచున పొడవాటి కుట్లు రెండు వరసలు వేసి, బాబిన్ దారం, అంటే మిషన్ అడుగు నుంచి వచ్చే దారం, మెల్లగా లాగితే కుచ్చులు ముచ్చటగా వస్తాయి. బొమ్మకి అదే లెక్క వేస్తే, 11 అంగుళాల నడుములోకి 27న్నర అంగుళాల గుడ్డ దూరి, పాపం ఈతకి ట్యూబు కట్టుకుని బయల్దేరినట్టు తయారైంది. పల్చటి వాయిల్ లాంటిదైతే ఫర్వాలేదట. ఈ సంగతి గుడ్డ కొన్న తర్వాత తెలుస్తుంది. రోజాల అచ్చు కూడా అంతే. పాప మీద తోటలా పరుచుకున్న రోజా, బొమ్మ మీదికొచ్చేసరికి ఒక్కటే ఛాతీ అంతా ఆక్రమించింది. దూరం నుంచి చూస్తే తుపాకీ గుండు తగిలినట్టుంది.

బుట్టచేతులు ఎక్కించడం గురించి వివరంగా రాస్తే ఇది సెన్సారుకి పోతుంది. ఒక్క ముక్క చెప్తాను. పక్కకుట్టు వేసేశాక బొమ్మ చంక రౌండులోకి మిషన్ పాదం దూరదు. పక్కలు కలపకముందే, గుడ్డ బల్లపరుపుగా ఉన్నప్పుడే చేతులు ఎక్కించాలి. నేను రెండుసార్లు విప్పాను. మూడోసారి ఎడమ చెయ్యి కుడివైపు ఎక్కింది. బొమ్మ ఏమీ అనలేదు. అందుకే కదా నేను దాని పక్షం.

ఇక పాతకాలం విషయానికి వద్దాం. నేను కుట్టిన గౌనుకి గుండ్రటి అంచుల పీటర్ పాన్ కాలర్ ఉంది. అది 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన మోజు. బుట్టచేతులు 1930ల నాటి పిల్లల గౌన్ల నుంచి తెచ్చాను. విరబూసిన పావడా 1950లది. మూడు తరాలు ఒకే గౌనులో ఒకదాని ముఖం ఒకటి చూసుకోకుండా కాపురం చేస్తున్నాయి. బొమ్మ మోచేతులు సరిగా వంగవు కాబట్టి దాని గౌను వీపంతా తెరిచి ఉంచి, పై నుంచి కింది దాకా వెల్క్రో వేశాను. వెల్క్రో అంటే ఒక స్విస్ ఇంజనీరు, వేటకెళ్ళి వచ్చాక కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్ళకాయల్ని చూసి కనిపెట్టిన వస్తువు. పాతకాలపు దొరసాని వీపు మీద కుక్క అంటించుకొచ్చిన ముళ్ళన్నమాట. అది బొమ్మ జుట్టునీ, నేను గంటన్నర కూర్చుని కుట్టిన లేసునీ సమానంగా పట్టుకుని పీకుతుంది. అయినా ముందు వైపు నుంచి ఫొటో తీస్తే ఇవేవీ కనబడవు. ముందు వైపు నుంచే తీశాను.

అసలు పాతకాలం ఎలా ఉండేదో తెలుసుకుంటే ఈ మోజు కాస్త తగ్గుతుంది. 1930ల్లో అమెరికా కష్టాల్లో ఉన్నప్పుడు తల్లులు పిండి బస్తాలు, దాణా బస్తాలు చింపి పిల్లలకి గౌన్లు కుట్టేవారు. ఈ సంగతి పసిగట్టిన మిల్లులవాళ్ళు బస్తాల మీద పువ్వులు అచ్చేయడం మొదలుపెట్టారు, తమ ముద్రలు ఉతికితే పోయేలా చూశారు. ఆ గుడ్డతోనే అక్కకి గౌను, చెల్లికి గౌను. అంగుళం కూడా పారేయలేని ఇంట్లో చివరికి మిగిలిన పీలికలతో బొమ్మకి గౌను. అంటే అప్పటి మ్యాచింగ్‌కి కారణం ఒక్కటే, ఇంట్లో వేరే గుడ్డ లేదు. ఇప్పుడు మనం అరలో పద్నాలుగు రకాల గుడ్డ పెట్టుకుని, ఆ లేమిని కష్టపడి మళ్ళీ సృష్టిస్తున్నాం.

ఆ కాలపు గౌన్లకి ఇంకో ముచ్చట ఉండేది. కింది అంచుకి పైన రెండు మూడు అడ్డమడతలు కుట్టి పెట్టేవారు. పిల్ల ఎదిగే కొద్దీ ఒక్కో మడత విప్పితే గౌను ఇంకో ఏడాది వచ్చేది. తెలివైన పని. నేనూ పాప గౌనుకి మూడు మడతలు పెట్టాను. ఆ తర్వాత, మ్యాచింగ్ మీద నాకున్న నిబద్ధతతో, బొమ్మ గౌనుకి కూడా పెట్టాను. అవును, ఎదగని బొమ్మకి ఎదుగుదల మడతలు. ఒక్కోటి పావు అంగుళం. ఎవరైనా అడిగితే, ముందుచూపు అంటాను.

ఎట్టకేలకు ఆదివారం ఉదయం ఇద్దరికీ తొడిగాను. బొమ్మకి ముందు, పాపకి తర్వాత. పాప అద్దం ముందుకెళ్ళి ఒకసారి గిర్రున తిరిగింది. పావడా విచ్చుకుంది. నా గుండె కూడా విచ్చుకుంది. తర్వాత తను ఆగి, రెండు చేతులూ పక్కల మీద పెట్టి కిందికి జార్చింది. మళ్ళీ పైకి తెచ్చి మళ్ళీ జార్చింది.

"అమ్మా, జేబేదీ?"

"ఈ మోడల్‌కి జేబు ఉండదు తల్లీ."

"మరి నా రాళ్ళు?"

కాలర్ గురించి అడగలేదు. లేసు గురించి అడగలేదు. మూడు శతాబ్దాల ఫ్యాషన్ చరిత్ర నా వైపు ఉండి కూడా ఆ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. గౌను విప్పి నా చేతిలో పెట్టి, పాత నిక్కరు తొడుక్కుంటూ, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర్నుంచి అంది. "దానిక్కూడా పెట్టు. దానికీ రాళ్ళుంటాయి."

ఆ రాత్రి రిప్పర్ పట్టుకుని రెండు గౌన్ల పక్కకుట్లూ విప్పాను. పాప జేబు అరగంటలో అయింది. బొమ్మ జేబుకి గంటంబావు పట్టింది. అందులో నా చిటికెన వేలు మొదటి కణుపు దాకా దూరుతుంది.

పొద్దున పాప తన జేబులో ఏడు రాళ్ళేసుకుంది. బాగా వెతికి, అన్నిటికంటే చిన్నది బొమ్మ జేబులో వేసింది. మూడు వారాలుగా గోడకి ఆనించిన చోట నుంచి వెంట్రుకవాసి కదలని నా ఉత్తమ కస్టమరు, ఆ రాయి బరువుకి కుడివైపుకి మెల్లగా ఒరిగి, నేల మీద పడిపోయింది.