అప్లికేషన్ పెట్టిన రోజే ఆ కాగితం ఇవ్వాలి

జర్మనీలో మాస్టర్స్ అయ్యాక ఇచ్చే 18 నెలల జాబ్ సీకర్ పర్మిట్ మీద ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ పర్మిట్ గడువుకి ఆరు వారాల ముందే బ్లూ కార్డుకి, అంటే చదువుకున్న విదేశీయులకి ఉద్యోగం మీద ఇచ్చే పర్మిట్‌కి, ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. తర్వాత నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు.

చట్టం నా వైపే ఉంది. ఇక్కడి రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81, నాలుగో క్లాజు ప్రకారం గడువులోపు అప్లై చేస్తే, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఏదో ఒకటి తేల్చేదాకా పాత పర్మిటే చెల్లుతుంది, పని చేసే హక్కుతో సహా. కానీ ఆ సంగతి రాసిచ్చే కాగితం వేరే. ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్ అంటారు, మనవాళ్ళకి ఫిక్షన్ పేపర్. దానికీ అపాయింట్‌మెంట్ కావాలన్నారు. అపాయింట్‌మెంట్లు లేవు.

గడువు దగ్గర పడగానే హెచ్ఆర్ నుంచి రుజువు చూపించమని మెయిల్. వాళ్ళ తప్పు కాదు, అనుమతి లేనివాళ్ళని పెట్టుకుంటే కంపెనీకి జరిమానా పడుతుంది. సెక్షన్ ప్రింట్ తీసి, ఆ ఆటోమేటిక్ మెయిల్ జత చేసి ఇస్తే ఒప్పుకున్నారు. నా ఫ్రెండ్ కంపెనీ ఒప్పుకోలేదు. రెండు నెలలు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే కరీంనగర్‌లో నాన్నకి స్టెంట్ వేశారు. "కొలువు జేస్తున్నవ్, టాక్స్ కడుతున్నవ్, మరి ఇంటికొచ్చి పోనీకి ఏమైంది బిడ్డా?" అని అమ్మ అడిగింది. ఏం చెప్పాలి? కాగితం లేకుండా బయల్దేరితే తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కనివ్వరేమోనని భయం. ఆ కాగితం వచ్చినా, అందులో నాలుగో క్లాజు గడిలో టిక్ ఉంటేనే వెళ్ళి రావచ్చు. మూడో క్లాజు గడిలో పడితే, వెళ్ళినవాళ్ళు దాన్ని చూపించి తిరిగి రాలేరు. నేను వెళ్ళలేదు. ఆపరేషన్ అయ్యాక నాన్నని వీడియో కాల్‌లో చూశాను.

భారతీయులకి ఏడాదికి ఇచ్చే స్కిల్డ్ వీసాలు 20,000 నుంచి 90,000కి పెంచుతామని 2024 అక్టోబర్‌లో జర్మన్ ప్రభుత్వం చెప్పింది. పిలవడం మంచిదే. ఆఫీసుల్లో సిబ్బంది చాలడం లేదు, అదీ నిజమే. కానీ నేను అడిగేది కార్డు తొందరగా ఇమ్మని కాదు. నా పర్మిట్ గడువు, నేను అప్లై చేసిన తేదీ, రెండూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. చట్టం అప్పటికే ఇచ్చేసిన హక్కుని కాగితం మీద పెట్టడానికి ఇంకో అపాయింట్‌మెంట్ ఎందుకు? అప్లికేషన్ అందిన రోజే పంపించవచ్చు కదా.

గడువు దగ్గర పడుతున్నవాళ్ళు అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ముందు అప్లికేషన్ పెట్టేయండి. ఒక్క రోజు దాటినా ఈ హక్కు దానంతట అది రాదు. అప్లై చేసిన తేదీ కనిపించేలా ఆ మెయిల్‌ని పీడీఎఫ్ చేసి దాచుకోండి. నన్ను ఉద్యోగంలో నిలబెట్టింది అదొక్కటే.